మా యత్త కాపలా కాసిన గెనిమ

బతికినన్నాళ్ళు నాకూ మా యత్తకూ పొసగలేదు. ఈ మాట ముందే చెప్పేస్తా. లేకుంటే చివర్లో నేను ఏడ్చేది చూసి, ఈమెకు అత్త మీద ఎంత ప్రేమ అనుకుంటారు. అత్తలేని కోడలుత్తమురాలు అని పెద్దోళ్ళు ఊరికే అన్లేదు. నేను కాపురానికి వచ్చిన మొదటి దినమే నేను చేసిన సంగటి ముద్దను అట్లా ఇట్లా తిప్పి చూసి, "గోడకేసి కొడితే గోడ పడుతుంది" అనింది. నేనూ ఊరుకోలేదు. "గోడ గట్టిదే లే అత్తా, నీ పండ్లు చూసుకో" అంటి. ఆ పొద్దు నుంచి ఆమె పోయేదాకా మాది అదే వరస.

అట్లాంటి మనిషి మంచం పట్టినాక ఒక పొద్దున నన్ను దగ్గరికి పిలిచింది. ఆమె కొడుకు, అదే మా ఇంటాయన, బయట ఎద్దులకు నీళ్ళు పెడతాండాడు. ఆయన్ను పిలవలేదు.

"నన్ను వల్లకాటికి మొయ్యాకండి. పైచేన్లో, పక్కోని గెనిమ కాడ పెట్టండి. నేనాడ పండుకుంటే నా మీద మడక తోలే గుండె వానికుండదు," అనింది.

సరే అంటి. ఆమె చెప్పినదానికి నేను ఎదురు మాట్లాడకుండా సరే అన్నది ఆ ఒక్కసారే.

మాది కదిరి పక్క మెట్ట పల్లె. ఎర్రమన్ను, రాళ్ళు, మొగులు చూసి ఇత్తనమేసే సేద్యం. ఏటా చెనక్కాయే. వానొస్తే కాయ, రాకుంటే ఎద్దులు మేసే ఉత్త కట్టె. మాకుండేది పైచేను ఒకటే. దానికి తూర్పున పక్కోని చేను. రెండు చేన్ల నడుమ మోకాలెత్తు మట్టికట్ట, దాన్నే మేము గెనిమ అంటాం. దాని మీద ఇంత గడ్డి, నాలుగు కలబంద బోదెలు. చూసేదానికి అంతే. ఆ గెనిమ మీద మా ఇంట్లో పడిన తగువులు చెప్పాలంటే ఒక ఏడు చాలదు.

పక్కోడు వరసకు నాకు మరిదే. నన్ను వదినా అంటాడు, మా ఇంటాయన్ను అన్నా అనకుండా నోరు తెరవడు. వాడు చేసేది ఒకటే పని. తొలకరి పడి మడకలు కట్టి దున్నేటప్పుడు, చివరి సాలు గెనిమ కాలు కొరికేటట్టు తోలుతాడు. ఒక్క సాలు, జానెడు. జానెడు మన్నుకు ఎవురు కొట్లాటకు పోతారు? మళ్ళా ఏడు ఇంకో జానెడు. అటు పక్క తవ్విన మట్టిని ఇటు పక్క మా చేన్లోకి పోసి, "గెనిమ సరిచేస్తాండా వదినా, వానకు కోసుకపోతాండాది" అనేటోడు. అట్లా మా గెనిమకు కాళ్ళొచ్చినాయి. ఏటా జానెడు మా ఇంటి తట్టు నడిచొస్తాండె. మా యత్త బతికినన్నాళ్ళు ఏటా పార పట్టుకోని పోయి, దాన్ని మళ్ళా పాత చోటికే తోసేది.

మా ఇంటాయన ఏమైనా అంటాడా? అనడు. ఆయనకు గట్టిగా మాట్లాడేది ఎద్దులతో తప్ప ఇంకెవురితోనూ చేతగాదు. మెత్తనోన్ని చూస్తే మొత్తబుద్ధి అంటారు చూడండి, ఆ సామెత మా ఇంటాయన్ను చూసే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు.

అత్త పోయింది. ఆమె చెప్పినట్టే గెనిమకు ఆనుకోని, గెనిమ వెంబడి పొడుగ్గా గుంత తవ్వినాము. ఎండాకాలం, నేల ఇనుము మాదిరి ఉండె. గడ్డపారలు వంగినాయి. గుంత తవ్వేటప్పుడు మా ఇంటాయన రెండు మూడు తూర్లు నిలబడి, "ఇంగొంచెం ఇవతలికి తవ్వుదామా" అన్యాడు. నేను కసిరినా. "అమ్మ చెప్పింది గెనిమ కాడ. ఇవతలా లేదు, అవతలా లేదు" అంటి. ఆయన మళ్ళా గడ్డపార అందుకున్యాడు. తల కాడ ఒకటి, కాళ్ళ కాడ ఒకటి, రెండు పక్కలా నాలుగు, రాళ్ళు పెట్టి పసుపు పూసినాము. పక్కోడు గూడా వచ్చి పాడె పట్టినాడు. పెద్దమ్మా పెద్దమ్మా అని ఏడ్చినాడు గూడా. కండ్లనీళ్ళు నిజమైనవే అనుకుంటా, దానికి నేనేమీ అనను.

చెప్తే నమ్మరు, మా యత్త మాట నిజమైంది. రెండేండ్లు వాడు గెనిమను ముట్టలేదు. మడక ఆ దరికొస్తే ఎద్దుల్ని ముందే తిప్పుకునేటోడు. నాకు నవ్వొచ్చేది. బతికినప్పుడు నేను ఉప్పు ఎంతేస్తానో, నూనె ఎంత పోస్తానో కాపలా కాసింది, ఇప్పుడు చేను కాపలా కాస్తాండాది, పని మారింది గానీ గుణం మారలేదు అనుకునేదాన్ని. పెద్దల అమావాస్యకు ఆడికి పోయి సంగటి, చెనక్కాయ చట్నీ, ఆకూవక్క పెట్టి, "సంగటి మెత్తగానే ఉండాది, తిను" అని వచ్చేదాన్ని.

మూడో ఏడు వాని భయం తీరిపోయింది.

మొదట గెనిమ అవతలి పక్క కొరికినాడు. తర్వాత కలబంద బోదెలు పెరికినాడు. ఆ మరుసటేడు గెనిమంటూ లేకుండా పోయి, వాని సాలు వచ్చి మా యత్త పక్కన పెట్టిన రాళ్ళకు తగిలింది. నేను పోయి అడిగితే, "గెనిమ వానకు కరిగిపోతే నన్నడుగుతావేంది వదినా" అన్యాడు. ఏం వాన? ఆ ఏడు పడిన వానకు మా ఇంటి ముందర కల్లాపి నీళ్ళు గూడా కాలే.

అంతటితో పోతే బాగుండు. వాని చేన్లో ఏరిన రాళ్ళన్నీ మా చేన్లోకి విసిరేటోడు. మేకల్ని తోలి, "అయ్యో, చూసుకోలేదు" అనేటోడు. మా బండి దారికి అడ్డంగా తుమ్మకంప పడేసేటోడు. నేను ఒక్కదాన్నే కలుపు తీస్తాంటే వాని చేని దరిన నిలబడి గొంతు సవరించుకుంటా చూస్తా ఉండేటోడు. ఏమీ అనడు, ఊరికే చూస్తాడు. దాన్ని ఎవురికి చెప్పుకోవాలి? "చూసినాడు" అని పంచాయితీ పెడతానా? నేను ఆ చేనికి ఒక్కదాన్నే పోయేది మానుకుంటి. నోరున్నదాన్ని, ఊర్లో నా నోటికి జడిసేటోళ్ళు ఉండారు, నేనే మానుకుంటి. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపమొస్తుంది.

సర్వేకు అర్జీ పెట్టినాం. ఆరు నెలలు తిరిగినాక సర్వేయరు వచ్చినాడు. గొలుసు తీసి, చేని కొసన పారే వంక కాడ ఉండాల్సిన హద్దురాయి యాడుందని అడిగినాడు. ఆడ రాయి లేదు, గుంతే ఉండాది. ఆ రాయి యాడుందో నాకు తెలుసు. పక్కోని ఇంటి వెనకాల, వాళ్ళు బట్టలుతికే బండ అదే. నేను పిల్చుకపోయి చూపిస్తి. ఆయన దాన్ని చూసి, తల గోక్కోని, "అమ్మా, పాతిన చోట ఉంటేనే అది హద్దురాయి. ఇంటికాడుంటే ఉత్త బండే" అని చెప్పి పోయినాడు. పోలీసుల కాడికి పోతే, ఇది భూమి తగువు, కోర్టుకు పొమ్మన్యారు. కోర్టంటే ఎద్దులు అమ్మాల. ఎద్దులు అమ్మినాక చేనెందుకు?

చివరికి ఊరి పెద్దమనుషుల్నే పట్టుకుంటిమి. బడి వసారాలో కూర్చున్యారు. నేను దూరంగా గోడ కాడ నిలబడితి. ఎంతసేపు మాట్లాడినా తెగలేదు. అప్పుడు పక్కోడే లేచి, చేతులు కట్టుకోని చెప్పినాడు.

"ఇదంతా ఎందుకు పెద్దాయనా? అన్న నీతిమంతుడు, ఊరంతా ఎరుగుదురు. అన్నను మట్టి ఎత్తమనండి. మట్టి నెత్తిన పెట్టుకోని అన్న యాడ నడిస్తే ఆడే హద్దు. నేను నోరెత్తను."

మట్టి ఎత్తేదంటే మా పక్క పాత ప్రమాణం. తలకు నీళ్ళు పోసుకోని, తడి పంచతో, ఆ చేని మట్టిబెడ్డే నెత్తిన పెట్టుకోని, ఈ కొస నుంచి ఆ కొసదాకా హద్దు వెంబడి నడవాల. నడిచేటప్పుడు మాట్లాడకూడదు, వెనక్కి చూడకూడదు, బెడ్డ దించకూడదు. అబద్ధం నడిస్తే ఏడు తిరక్కుండా ఆ మట్టే ఇంట్లోవాళ్ళ నోట్లో పడుతుందని నమ్మకం. అందుకే మట్టి ఎత్తుతానన్నోన్ని ఎవురూ మళ్ళా ప్రశ్నించరు.

పెద్దమనుషులు ఆహా అన్యారు. ఎంత మంచి మాట చెప్పినాడప్పా అన్యారు. నాకు మాత్రం వాని ఎత్తు అర్థమైంది. వానికి మా ఇంటాయన గుణం నాకంటే బాగా తెలుసు. నీతిలేనోడైతే ఒక అడుగు అవతలే నడుస్తాడు. ఈయన భయంతో రెండడుగులు ఇవతలే నడుస్తాడు. వాడు మా ఆయన నీతినే పలుపు చేసి ఆయన మెడకే కట్టినాడు.

ఇంటికొచ్చినాక, "మట్టి నేనెత్తుతా" అంటి. "ఆడోళ్ళు ఎత్తకూడదంట" అన్యాడాయన. "అయితే నువ్వు నేరుగా నడువు. అత్త సమాధికి ఆనుకోనే అవతల ఉండె గెనిమ. నాకు తెలుసు, నీకు తెలుసు, వానికీ తెలుసు. ఆ వెంబడి నడిచి రా, పీడ పోతుంది" అంటి. ఆయన తల ఊపినాడు.

మరుసటి పొద్దున నేను ఎనుము కాడ కూర్చోని పాలు పిండుతాండా. వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్యాడు.

"ఒక మాట చెప్పాల మ్మే. నాకు పదేండ్లప్పుడు మా నాయన ఆ గెనిమను జరిపినాడు. పక్కోని నాయన జరమొచ్చి ఆస్పత్రిలో ఉండె. అప్పుడు ఒకేసారి నాలుగు సాళ్ళు దున్ని కలుపుకున్యాడు. ఎద్దుల ముందర నడిచింది నేనే."

నేను పాలు పిండేది ఆపేస్తి. నాలుగు సాళ్ళంటే మనిషి పండుకునేంత వెడల్పు.

"ఆయనొచ్చి అడగలేదా?" అంటి.

"జరమొచ్చి లేచిన మనిషి, ఏమి గురుతుంటుంది? అడగలేదు. ఇప్పుడు ఆయనా లేడు, మా నాయనా లేడు. వీడప్పుడు ఉయ్యాల్లో ఉండె."

"మరింగేం? ఎవురికీ తెలీదు గదా!"

"నాకు తెలుసు గదమ్మే," అన్యాడు. "నెత్తిన మన్ను పెట్టుకోని నేనెట్ల నడిచేది? ఇద్దరు పిల్లోళ్ళుండారు మనకు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏనాడో సచ్చిపోయిన మామ చేసిన నాలుగు సాళ్ళ పాపం ఈయన మోస్తాడంట, ఏటా సాలు సాలు తింటాండే వానికి ఏ పాపమూ లేదంట. నోటికొచ్చినట్టల్లా తిట్టినా. "నీ నీతి తగలెయ్య" అన్యా. "నువ్వు హరిశ్చంద్రుడివి, మేము అడుక్కతినాల" అన్యా. ఆయన లేచి పోయి ఎద్దుల కాడ నిలబడినాడు. పిల్లోళ్ళ మాట ఎత్తినాక నేనూ ఇంగ గట్టిగా తొయ్యలేకపోతి. నిజం చెప్పాలంటే నాకూ భయమే. నా పిల్లోళ్ళ మీద పందెమేసి 'నడిచిరా పో' అని చెప్పే ధైర్యం నాకు మాత్రం యాడిది?

అయినా లోపల ఒక ఆశ. ఎన్ని చెప్పినా, తల్లి సమాధి కాడికి వచ్చినాక కాలు అవతలికే పోతుందిలే అనుకుంటి. ఏ కొడుకైనా తల్లిని పరాయి చేన్లో వదిలేసి ఇవతలికి నడుస్తాడా?

మట్టి ఎత్తే పొద్దు ఊరంతా చేని కాడికి వచ్చింది. టెంకాయ కొట్టినారు. బోరు కాడ రెండు బిందెలు నెత్తిన పోసుకోని, తడి పంచతో వచ్చి నిలబడినాడు మా ఇంటాయన. పెద్దాయన మట్టిబెడ్డ నెత్తిన పెట్టినాడు. ఆయన రెండు చేతుల్తో పట్టుకున్యాడు. వెనకాల తలారి ముగ్గుపిండి పోసుకుంటా నడవాల, ఆ ముగ్గే హద్దు.

వంక కాడ నుంచి బయలుదేరినాడు. తలకాయ వంచకుండా, కండ్లు నేల మీద పెట్టి, ఒక్కొక్క అడుగే వేస్తాండాడు. నెత్తిన బెడ్డ నానిపోయి ఎర్రనీళ్ళు చెంపల మీదికి కారతాండాయి. సగం చేను దాటినాడు. సమాధి తలరాయి కాడికి వచ్చి నిలబడిపోయినాడు.

ఎంతసేపు నిలబడినాడో చెప్పలేను. పంచ నుంచి నీళ్ళు తలరాయి మీద పడతాండాయి, పసుపు కరిగి కారతాండాది. ఆయన కుడికాలు అవతలికి లేచింది. నేను చూసినా, లేచింది. మళ్ళా దించి, ఎడమకు తిరిగి, సమాధికి ఇవతల పక్క నుంచి నడిచినాడు.

"అటు పోవయ్యా! అటు పో! ఆడుండేది అమ్మ గదా!" అని నేను అరిచినా. నలుగురు ఆడోళ్ళు నా నోరు మూసినారు.

చెప్తే మీరు నమ్మరేమో, పక్కోడు గూడా "అన్నా... పెద్దమ్మ..." అని ఒక అడుగు ముందుకు వేసినాడు. వాడు కోరుకున్నది జానెడు, వచ్చింది మనిషంత. ఒక్క గడియ వాని మొకంలో మనిషి కనపడినాడు. అంతలోనే నోరు మూసుకున్యాడు. మన్ను తేరగా వస్తాంటే ఎవురు వద్దంటారు?

ముగ్గు గీత మా యత్తను అవతల పెట్టి పోయింది. ఆ గీత మీదనే కొత్త గెనిమ వేసినారు. ఆ కొసన బెడ్డ దించి కూలబడినోడు రెండు దినాలు అన్నం ముట్టలేదు. నేనూ తినమని అడగలేదు. ఆయన్ను అప్పుడు ఎంత బాధ పెట్టినానో ఇప్పుడు తెలుస్తాండాది, అప్పుడు తెలీలేదు.

హద్దు తెగింది గదా, తగువు గూడా తెగుతుందనుకుంటిమి. పిచ్చోళ్ళం. ఆ తొలకరికే కొత్త గెనిమ కాలు కొరికినాడు. నేను పరిగెత్తుకుంటా పోయి అడిగితే మడక ఆపి నవ్వినాడు.

"అన్నను మళ్ళా మట్టి ఎత్తమను వదినా," అన్యాడు.

ఏమనాల వాన్ని? వెనక్కి తిరిగి ఇంటికొచ్చేస్తి. మా ఇంటాయన ఆ తర్వాత గెనిమ పక్కన బండి వెడల్పు నేల తనే బీడు పెట్టేసినాడు, తగువు ఎందుకని. పక్కోడు దాన్నీ దున్నుకున్యాడు.

ఆ ఏడు పెద్దల అమావాస్యకు సంగటి, చట్నీ, ఆకూవక్క గంపలో పెట్టుకోని పోతే వాడు గెనిమ కాడ ఎదురొచ్చినాడు. "కాయ ఊరే కాలం వదినా, చేన్లో తొక్కులాట వద్దు. ఈడి నుంచే పెట్టుకో" అన్యాడు. మా అత్తకు అన్నం పెట్టేదానికి నేను వాన్ని బతిమాలాల్సి వచ్చింది. "అన్నా, ఒక్క గడియ" అన్యా. నాకంటే చిన్నోన్ని అన్నా అన్యా. వాడు తల అడ్డంగా ఊపి, చెనక్కాయ చెట్లు తొక్కకుండా జాగ్రత్తగా నడుచుకుంటా పోయినాడు. గెనిమ మీద గొంతుక్కూర్చోని చెయ్యి చాపినంత దూరంలో ఆకు పెట్టి వస్తి.

మరుసటేడు చేనికి పోతే, ఎప్పట్లాగే వాడు విసిరిన రాళ్ళు మా చేన్లో పడి ఉండాయి. ఏరి గంపకెత్తుతాంటే ఒక రాయి చేతికి తగిలింది. సందుల్లో పసుపు. తలకాయెత్తి అవతలికి చూస్తి. సమాధి ఉన్న చోట ఏమీ లేదు. సాళ్ళు నేరుగా ఈ కొస నుంచి ఆ కొసకు పోయినాయి, చెనక్కాయ మొలకలు వరసగా లేచినాయి. నా మీద మడక తోలే గుండె వానికుండదు అనింది పాపం.

అరవలేదు, తిట్టలేదు. ఎవురి కాడికని పోయేది? అది వాని చేను. ఊరంతా చూస్తాండగా, నెత్తిన మన్ను పెట్టుకోని మేమే ఇచ్చినాము. ఆ రాయిని కొంగులో చుట్టుకోని ఇంటికి తెచ్చినా.

ఇప్పుడది మా ఇంట్లో దేవుని గూడు కింద ఉండాది. పెద్దల అమావాస్యకు దాని ముందరే ఆకు వేస్తా. మా ఇంటాయన ఆ పొద్దు ఇంట్లో ఉండడు, ఎద్దుల కాడికి పోతాడు. ఎద్దులు అమ్మేసి చాన్నాళ్ళయింది, అయినా ఆ కొట్టంలోకే పోయి కూర్చుంటాడు.

మా కొడుకు పెద్దోడైనాడు. మొన్న నాకు జరమొస్తే నవ్వులకు అన్యాడు: "నిన్నూ గెనిమ కాడే పెడతాంలే మ్మా, నీ నోటికి వాడు జడుస్తాడు." నేను నవ్వలేదు. "నన్ను వల్లకాటికే మొయ్యండి. గెనిమ కాడ పెట్టాకండి" అంటి.

ఎందుకంటే నాకు ఇప్పటికి అర్థమైంది. మా యత్త ఆ పొద్దు కొడుకును వదిలేసి నన్నే ఎందుకు పిలిచిందో. ఆ నాలుగు సాళ్ళ సంగతి ఆమెకు తెలుసు, కొడుక్కూ తెలుసు. వద్దంటాడని ఆయన్ను పిలవలేదు. ఏమీ తెలీని కోడల్ని పిలిచింది. గుంత తవ్వేటప్పుడు ఆయన ఇవతలికి తవ్వుదామా అంటే, కసిరి, ఆ నాలుగు సాళ్ళలోనే ఆమెను పడుకోబెట్టించింది నేనే.

ఏటా ఆకులో సంగటి ముద్ద పెట్టి, నీళ్ళు చుట్టూ తిప్పి, ఆ రాయిని అడుగుతా. నాతో జగడమాడేదానికి నీకు ఎన్ని మాటలుండె అత్తా, ఆ ఒక్క మాట చెప్పి ఉంటే రెండడుగులు ఇవతల పెట్టుకునేదాన్ని గదా నిన్ను.